సూక్ష్మదర్శిని చిత్రాలు: భద్రత, కొలత, నిజాయితీ

గోదావరికి వరద వచ్చే రోజుల్లో ధవళేశ్వరం పేరు డెల్టాలోని ప్రతి ఇంటా వినిపిస్తుంది. బ్యారేజి వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. ఎర్రనీటి ఉరవడిని చూడడానికి జనం గుంపులుగా వస్తారు, ఫొటోలు తీసుకుంటారు. కాని లంక గ్రామాలను ఖాళీ చేయించాలా, వద్దా అన్న నిర్ణయానికి ఆ ఫొటోలు ఆధారం కావు; గేజి మీది అంకె ఆధారం. ఆ అంకెకు అంత విలువ ఎందుకు వచ్చింది? దానిని ఏ చోట చదివారో, ఏ గంటకు చదివారో, ఏ సున్న నుండి కొలిచారో మనకు తెలుసు కనుక వచ్చింది. ఈ మూడూ తెలియనప్పుడు 13.75 అన్నది కాగితం మీది గీత మాత్రమే.

ఈ గేజి న్యాయమే సూక్ష్మదర్శిని చిత్రాలకు కూడ వర్తిస్తుందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు చెప్పే పంతుళ్ళకు సూక్ష్మదర్శినితో పనియేమని పాఠకులు శంకించవచ్చు. దానికొక కారణం ఉన్నది. మా పూర్వ విద్యార్థిని ఒకరు జీవశాస్త్ర పరిశోధనకై దూర ప్రాంతానికి వెళ్ళారు. సెలవుల్లో వచ్చినప్పుడు కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శినితో తీసిన చిత్రాలను మాకు చూపారు. నల్లని తెర మీద ఆకుపచ్చగా, నీలంగా మెరిసే జీవకణాలు దీపావళి దీపాల వలె ఉన్నాయి. మేము మెచ్చుకున్నాము. ఆమె మాత్రం కంటతడి పెట్టుకున్నారు. చిత్రాలను చిన్న ఫైళ్ళుగా మార్చి దాచుకొని, యంత్రం ఇచ్చిన మూల ఫైళ్ళను కంప్యూటరులో చోటు చాలక తొలగించారట. "ఈ కణం వెడల్పు ఎంత? ఈ వెలుగు ఆ వెలుగుకంటె ఎన్ని రెట్లు?" అని గురువు అడిగితే చెప్పలేకపోయారు. కొన్ని వారాల పని మళ్ళీ మొదటినుండి చేయవలసి వచ్చింది. అందమైన చిత్రం చేతిలో ఉన్నా, దానిలోని విద్య చేజారిపోయింది. నాటినుండి ఈ విషయాన్ని మేము శ్రద్ధగా చదివాము. అర్థమైనంత మేరకు మన విద్యార్థుల ముందుంచుతున్నాము.

సూది బెజ్జం చేసిన మేలు

1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చిన్న చిన్న గదులను చూచి, వాటికి 'సెల్' అని పేరు పెట్టిన సంగతి మనకు విదితమే. ఆనాటినుండి సూక్ష్మదర్శిని ఎంతో మెరుగైంది. కాని ఒక ఇబ్బంది చాల కాలం ఉండిపోయింది. మందమైన కణజాలాన్ని కటకం క్రింద ఉంచితే, మనం చూడదలచిన పొర స్పష్టంగా ఉన్నా, దాని పైపొరల, క్రింది పొరల వెలుగు వచ్చి కలిసి మసకగా కనిపిస్తుంది. మబ్బునీటిలో నాణెం వెదికినట్లుంటుంది.

ఈ చిక్కును విప్పినవాడు మార్విన్ మిన్‌స్కీ. మెదడులోని నాడీకణాల అల్లికను చూడాలన్న కోరికతో, హార్వర్డ్‌లో ఉన్న రోజుల్లో ఆయన ఒక కొత్త పద్ధతిని రూపొందించి, 1957లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1961లో అది లభించింది. పద్ధతి వినడానికి సులభమే. వస్తువు మొత్తం మీద వెలుగు పోయకుండా ఒక్క బిందువు మీదనే వెలుగును నిలపాలి. ఆ బిందువునుండి తిరిగివచ్చే వెలుగును సూది బెజ్జమంత రంధ్రం గుండా పోనివ్వాలి. సరైన పొరనుండి వచ్చిన కిరణాలు ఆ బెజ్జంలో దూరుతాయి. పై పొరలనుండి, క్రింది పొరలనుండి వచ్చినవి దాని అంచులకు తగిలి ఆగిపోతాయి. ఇట్లా బిందువు తరువాత బిందువును చదువుతూ పోతే ఆ ఒక్క పొర చిత్రం తయారవుతుంది. కత్తి పెట్టకుండానే కణజాలాన్ని పలుచని పొరలుగా కోసి చూచినట్లే.

సన్నని రంధ్రం గుండా వెలుగు ఎట్లా ప్రయాణిస్తుందో బస్రాలో జన్మించి కైరోలో జీవించిన ఇబ్న్ అల్ హైతమ్ వెయ్యి సంవత్సరాల క్రితమే చీకటి గదిలో ప్రయోగాలు చేసి పరిశీలించాడు. ఆయన 'కితాబ్ అల్ మనాజిర్' దృష్టిశాస్త్ర చరిత్రలో ఒక మైలురాయి. కంటికి కనిపించినదానిని ప్రయోగంతో సరిచూడాలన్న ఆయన పట్టుదలను ఈ వ్యాసం చివరిదాకా గుర్తుంచుకోవలసిందిగా మనవి.

మిన్‌స్కీ పద్ధతి వెంటనే ప్రచారంలోకి రాలేదు. అప్పటికి లేజర్ లేదు. అది 1960లో వచ్చింది. అంకెలను ఒడుపుగా పట్టుకునే చిన్న కంప్యూటర్లూ లేవు. ఈ రెండూ సమకూరిన తరువాత, 1980ల చివరి భాగంలో కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శినులు ప్రయోగశాలలకు చేరాయి. జెల్లీచేప నుండి లభించిన ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్ దీనికి తోడైంది. దానిని కనుగొని, అభివృద్ధి పరచిన షిమొమురా, చాల్ఫీ, చెన్ అనే ముగ్గురికి 2008లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. దీని సాయంతో బ్రతికి ఉన్న కణంలోనే మనకు కావలసిన భాగాన్ని వెలిగించి చూడవచ్చు. హైదరాబాదులోని సి.సి.యం.బి. వంటి సంస్థలలో ఈ యంత్రాలు నిత్యం పని చేస్తున్నాయి.

చిత్రం కాదు, అంకెల పట్టిక

యంత్రం ప్రతి బిందువు వద్ద ఎంత వెలుగు వచ్చిందో కొలిచి, ఒక అంకె వ్రాస్తుంది. ఈ బిందువునే పిక్సెల్ అంటారు. ఎనిమిది బిట్ల పద్ధతిలో ఆ అంకె 0 నుండి 255 వరకు, పన్నెండు బిట్ల పద్ధతిలో 0 నుండి 4095 వరకు ఉంటుంది. తెర మీది రంగు మన సౌకర్యానికి కంప్యూటరు పూసినది మాత్రమే. కాబట్టి కాన్‌ఫోకల్ చిత్రం ఒక అంకెల పట్టిక. మన బ్యారేజి గేజి పుస్తకం వంటిదే.

ఆ పట్టిక ఎంత పెద్దదో లెక్క వేద్దాం. అడ్డంగా 1024, నిలువుగా 1024 పిక్సెళ్ళున్న ఒక పొరలో, ఒక్కొక్క అంకెకు రెండు బైట్ల చొప్పున రెండు మెగాబైట్లు పడుతుంది. మూడు రంగులలో తీస్తే ఆరు. నలభై పొరలు తీస్తే 240. అదే కణాన్ని ముప్పై సార్లు మళ్ళీ మళ్ళీ తీస్తే 7,200 మెగాబైట్లు, అనగా సుమారు ఏడు గిగాబైట్లు. ఒక్క కణాన్ని ఒక్క పూట చూచినందుకే ఇంత! సంవత్సరం పొడవునా పది మంది పనిచేసే ప్రయోగశాలలో ఈ ఫైళ్ళను ఎట్లా దాచాలి, ఎట్లా వెదకాలి అన్నది చిన్న ప్రశ్న కాదు. అందుకే ఈ చిత్రాల కోసం ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ పుట్టింది. దాని పని రెండు విధాలు: ఒకటి భద్రపరచడం, రెండవది విశ్లేషించడం.

భద్రపరచడం

ఈ విషయం తెలుగు చదివినవారికి కొత్త కాదు. మచిలీపట్నంలో, మన రాజమహేంద్రవరంలో ఉద్యోగం చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు తాళపత్రాలను సేకరించి, పండితులచేత శుద్ధ ప్రతులు వ్రాయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చువేశాడు. పాఠ పరిష్కరణలో మొదటి నియమం ఏమిటి? మూల ప్రతి మీద కలం పెట్టరాదు. దిద్దుబాటు నకలు మీదనే చేయాలి. ఏ ప్రతి ఎక్కడ దొరికింది, ఎవరు వ్రాసినది, ఏ పాఠాన్ని ఎందుకు స్వీకరించాము అన్నది గుర్తు వేసి ఉంచాలి. చిత్రాలను భద్రపరచే సాఫ్ట్‌వేర్ కూడ సరిగా ఈ పనులే చేస్తుంది.

మొదటిది, వివరాల చీటీ. దీనినే మెటాడేటా అంటారు. ఏ కటకంతో తీశారు, ఒక్కొక్క పిక్సెల్ ఎన్ని మైక్రాన్లు, పొరకూ పొరకూ ఎడం ఎంత, లేజర్ బలం ఎంత, సూది బెజ్జం ఎంత తెరిచారు, ఏ తేదీన, ఏ గంటకు అన్న వివరాలను యంత్రమే మూల ఫైలులో వ్రాసి పెడుతుంది. మా విద్యార్థిని పోగొట్టుకున్నది ఈ చీటీనే. జైస్, లైకా, నికాన్ వంటి కంపెనీలు ఒక్కొక్కటి ఒక్కొక్క ఫైలు రూపాన్ని వాడుతాయి. ఒకరి లిపి మరొకరికి చదువరాదు. ఈ లిపులన్నింటిని చదివే దుబాసీ వంటిది బయో ఫార్మాట్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. నూటయాభైకి పైగా ఫైలు రూపాలను అది విప్పి, వివరాల చీటీని చెడగొట్టకుండ అందిస్తుంది.

రెండవది, గ్రంథాలయ పద్ధతి. ఓమెరో అనే సాఫ్ట్‌వేరులో చిత్రాలన్నీ ఒక కేంద్ర కంప్యూటరులో ఉంటాయి. వాటిని ప్రాజెక్టులుగా విభజించవచ్చు. పేర్లతో, గుర్తులతో వెదకవచ్చు. ఎవరు చూడవచ్చునో, ఎవరు మార్చవచ్చునో నిర్ణయించవచ్చు. తెర మీద వెలుగు పెంచినా, రంగు మార్చినా, ఆ మార్పులు వేరుగా నమోదవుతాయి. మూల ఫైలు చెక్కుచెదరదు.

మూడవది, ఒకటికంటె ఎక్కువ నకళ్ళు. లంకల్లో వరద వస్తుందంటే ఇంటి దస్తావేజుల పెట్టెను అటక మీదికి చేరుస్తారు. అంతకంటె జాగ్రత్తపరులు ఒక నకలును మెరకనున్న బంధువుల ఇంట ఉంచుతారు. కంప్యూటరు డిస్కు కూడ ఎప్పుడో ఒకప్పుడు చెడిపోయేదే. మూల ఫైలు మూడు చోట్ల ఉండాలి. అందులో ఒకటి వేరే భవనంలో ఉండాలి.

ఇక్కడొక హెచ్చరిక. ఫొటోలకు మనం వాడే జేపెగ్ రూపం ఫైలును చిన్నది చేయడానికి కొన్ని వివరాలను శాశ్వతంగా వదలివేస్తుంది. పెండ్లి ఫొటోకు అది చాలు. కొలతకు పనికిరాదు.

విశ్లేషణ

విశ్లేషణ సాఫ్ట్‌వేరులలో మన విద్యార్థులు ముందుగా తెలుసుకోదగినది ఇమేజ్‌జె. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో వేన్ రాస్‌బాండ్ దీనిని 1997లో ప్రారంభించాడు. ఇది పూర్తిగా ఉచితం. దీనికి అనేక ఉపకరణాలను చేర్చి కూర్చిన రూపం ఫిజి. కదలిక లేని చిత్రాలను వేల సంఖ్యలో ఒకే వరుసలో కొలవడానికి సెల్‌ప్రొఫైలర్ అనే మరొక ఉచిత సాఫ్ట్‌వేర్ కలదు. ఇవి చేసే పనులలో ముఖ్యమైనవాటిని క్రమంగా చూద్దాం.

మొట్టమొదట, అంకె నమ్మదగినదేనా అని చూడాలి. నీరు గేజి పైఅంచును దాటి మునిగిపోతే, నీటిమట్టం అంతకంటె ఎక్కువ అని మాత్రమే తెలుస్తుంది. ఎంత ఎక్కువో తెలియదు. పిక్సెల్ 255 వద్ద ఆగిపోయినప్పుడు జరిగేదీ అదే. అటువంటి పిక్సెళ్ళను ఎర్రగా, సున్న వద్ద ఆగినవాటిని నీలంగా చూపే ఏర్పాటు ఇమేజ్‌జెలో ఉన్నది. చిత్రం తీసే ముందే దీనిని సరిచూసుకోవాలి. తరువాత విచారించి లాభం లేదు.

రెండవది, వెనుక వెలుగును తీసివేయడం. ధాన్యం తూచేటప్పుడు గోనె బరువు తీసివేస్తాము గదా! కణం లేని చోట కూడ యంత్రం కొంత వెలుగును చూపుతుంది. దానిని మినహాయిస్తేనే కణం వెలుగు ఎంతో తేలుతుంది.

మూడవది, కణాన్ని నేపథ్యంనుండి వేరు చేయడం. ఇంత వెలుగుకు పైన ఉన్నది కణం, క్రింద ఉన్నది నేపథ్యం అని ఒక హద్దు గీయాలి. ఈ హద్దును మన ఇష్టం వచ్చినట్లు కాక, చిత్రంలోని అంకెల పంపిణీనిబట్టి నిర్ణయించే పద్ధతిని జపాను శాస్త్రజ్ఞుడు ఓట్సు 1979లో ప్రకటించాడు. నేటికీ అది వాడుకలో ఉన్నది.

నాలుగవది, ఒకదానినొకటి ఆనుకొని ఉన్న కణాలను విడదీయడం. దీనికి వాడే పద్ధతి మన ప్రాంతంవారికి ఇట్టే బోధపడుతుంది. చిత్రాన్ని మిట్టపల్లాలున్న నేలగా భావిస్తారు. ఒక్కొక్క పల్లంలో నీరు నింపుతూ వస్తారు. రెండు పల్లాల నీరు కలిసే చోట గట్టు వేస్తారు. ఆ గట్టే రెండు కణాల మధ్య సరిహద్దు. ఇటీవలి కాలంలో సెల్‌పోజ్ వంటి సాఫ్ట్‌వేరులు వేలాది ఉదాహరణలను చూచి నేర్చుకొని, తామే ఈ సరిహద్దులను గీస్తున్నాయి. అయినా గీసినదానిని మనిషి ఒకసారి సరిచూడడం తప్పనిసరి.

ఐదవది, కొలత. సరిహద్దులు తేలిన తరువాత కణాల సంఖ్య, వైశాల్యం, చుట్టుకొలత, సగటు వెలుగు ఒక పట్టికగా వస్తాయి. నలభై పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి, కణాన్ని ముప్పేటగా తిప్పి చూడవచ్చు, ఘనపరిమాణం కట్టవచ్చు.

ఆరవది, రెండు పదార్థాలు ఒకే చోట ఉన్నాయా అన్న పరీక్ష. ఎరుపు, ఆకుపచ్చ కలిసిన చోట తెర మీద పసుపు కనిపిస్తుంది. పసుపు కనిపించింది కాబట్టి రెండూ కలిసి ఉన్నాయనడం తొందరపాటు. ఒక రంగు వెలుగును పెంచితే పసుపు పుడుతుంది, తగ్గిస్తే మాయమవుతుంది. అందుకే మూల అంకెలతో పియర్సన్ గుణకం వంటి గణిత ప్రమాణాలను కట్టి చెప్పాలి.

చివరిది, చేసిన పనిని చేసినట్లు వ్రాసి ఉంచడం. ఇమేజ్‌జెలో మనం నొక్కిన ప్రతి ఆజ్ఞను వరుసగా నమోదు చేసే వీలున్నది. ఆ వరుసను దాచుకొని నూరు చిత్రాలకూ ఒకే విధంగా నడిపించవచ్చు. ఇష్టమైన చిత్రానికి ఒక న్యాయం, ఇష్టం కానిదానికి మరొక న్యాయం జరగకుండ ఇది కాపాడుతుంది. మరొకరు అదే ఫైలుతో, అదే వరుసతో పని చేసి అదే జవాబు రాబట్టగలగాలి. శాస్త్రమనిపించుకోవడానికి ఇంతకంటె వేరే గీటురాయి లేదు.

రైతు కంటిలో దారపు పోగు

ఈ విద్య ప్రయోగశాల గోడలు దాటి సామాన్యుని దాకా వచ్చిందా? వచ్చింది. కోతల కాలంలో, నూర్పిళ్ళలో వరి ఊక గాని, ఆకు అంచు గాని కంటికి తగిలి గీరుకుపోవడం డెల్టాలో అందరెరిగినదే. ఆ గీతలోనుండి శిలీంధ్రం ప్రవేశిస్తే కార్నియా, అనగా కంటి ముందరి పారదర్శక పొర, పుండుపడుతుంది. తెలియక స్టీరాయిడ్ చుక్కలు వేసుకుంటే పుండు మరింత ముదురుతుంది. చూపు పోయే ప్రమాదమూ ఉన్నది.

కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు. కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శినితో, కన్ను కోయకుండానే దాని పొరలను ఒకదాని వెంట ఒకటి చూడవచ్చు. శిలీంధ్రం మెరిసే దారపు పోగుల వలె కనిపిస్తుంది. 1987లో హైదరాబాదులో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు, శిలీంధ్రం వలన, అకాంతమీబా అనే సూక్ష్మజీవి వలన కలిగే కార్నియా పుండ్లను గుర్తించడంలో ఈ పద్ధతి ఎంతవరకు ఉపకరిస్తుందో పరీక్షించి, 2011లో ఫలితాలను ప్రకటించారు.

అయితే కార్నియాలో సహజంగా ఉండే నరాలు కూడ మెరిసే గీతల వలెనే కనిపిస్తాయి. ఏది నరమో, ఏది శిలీంధ్రమో తేల్చడానికి గీత మందం ఎంత, ఎట్లా చీలుతున్నది, ఏ లోతులో ఉన్నది అన్న వివరాలు కావాలి. చిత్రం ఎంత అందంగా ఉన్నా లోతు, కొలబద్ద తెలియకపోతే వైద్యునికి అవి దొరకవు. వారం తరువాత తీసిన చిత్రంతో పోల్చడానికి మొదటి చిత్రం మూలరూపంలో ఉండాలి. వివరాల చీటీ పోవడమంటే ఇక్కడ ఒక రైతు కంటిచూపు పణంగా పెట్టడమే.

అమానతు

ఇంత శక్తిగల పనిముట్టు చేతిలో ఉన్నప్పుడు దానిని దుర్వినియోగం చేయాలన్న ఆశ కూడ పుడుతుంది. మచ్చను చెరిపివేయవచ్చు, లేని కణాన్ని అతికించవచ్చు, ఒకే చిత్రాన్ని త్రిప్పి రెండు ప్రయోగాలవిగా చూపవచ్చు. 2016లో ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 20,621 పరిశోధన పత్రాలను పరిశీలించి, వందకు సుమారు నాలుగింటిలో సందేహాస్పదమైన చిత్రాలున్నాయని ప్రకటించారు. వాటిలో కనీసం సగం కావాలని చేసినవిగా తోస్తున్నాయని కూడ వ్రాశారు. తక్కినవి అజాగ్రత్త ఫలితాలు కావచ్చు. కాని చదివి నమ్మినవానికి జరిగే నష్టం రెండింటిలోనూ ఒకటే.

ఏది ధర్మం, ఏది కాదు అన్న హద్దును 'జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ' 2004లో ప్రచురించిన వ్యాసం ఒకటి విశదం చేసింది. వెలుగును మొత్తం చిత్రానికి ఒకే తీరున పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఒక మూలను మాత్రమే దిద్దడం, ఉన్నదానిని దాచడం, లేనిదానిని చేర్చడం తప్పు. అడిగిన క్షణంలో మూల ఫైలును చూపగలగాలి.

మన ఉర్దూ విభాగంవారికి ప్రీతిపాత్రమైన మాట ఒకటి ఉన్నది: అమానతు. ఒకరు నమ్మి దాచమని ఇచ్చిన సొత్తు అని దాని అర్థం. దాచినవాడు దానిని వాడుకోరాదు, మార్చరాదు. అడిగినప్పుడు ఇచ్చినది ఇచ్చినట్లు అప్పగించాలి. ప్రకృతి యంత్రం ద్వారా మనకు అప్పగించిన మూల చిత్రం అటువంటి అమానతు అని మేము భావిస్తున్నాము.

ఉపసంహారం

విద్యార్థులారా! కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని మన కళాశాలలో లేదని నిరుత్సాహపడవలసిన పని లేదు. దాని చిత్రాలను చదివే విద్యకు ఆ యంత్రమే అవసరం లేదు. ఇమేజ్‌జెలోని నమూనా చిత్రాలలో కాన్‌ఫోకల్ పొరల వరుస ఒకటి ఉన్నది. దానిని తెరిచి పొరలను ఒక్కొక్కటిగా తిప్పి చూడండి. తరువాత 'బ్లాబ్స్' అనే నమూనాను తెరిచి, హద్దు గీసి, మచ్చలను లెక్కించండి. హద్దును కొంచెం జరిపి మళ్ళీ లెక్కించండి. సంఖ్య మారుతుంది. ఆ మార్పును కళ్ళారా చూచిన విద్యార్థి, హద్దు ఎక్కడ గీశారో చెప్పని ఏ లెక్కనూ జీవితంలో గుడ్డిగా నమ్మడు.

కళాశాల సంఘం పెద్దలకు ఒక విన్నపం. ఈ సాఫ్ట్‌వేరుకు రూపాయి ఖర్చు లేదు. మన కంప్యూటరు గదిలో విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు వారానికొక గంట, ఫైళ్ళ భద్రతకు రెండు డిస్కులు కేటాయించితే చాలును. మా పూర్వ విద్యార్థినికి ఎదురైన కష్టం ఇక్కడినుండి వెళ్ళే మరొకరికి ఎదురు కాకూడదన్నదే మా కోరిక. ఆమె ఆ పనిని మళ్ళీ మొదలుపెట్టి పూర్తి చేశారు. ఇప్పుడు ఆమె వద్ద మూల ఫైళ్ళు మూడు చోట్ల ఉన్నాయి. "గేజి పుస్తకం భద్రమేనా?" అని మేము అడిగితే, నవ్వి, "భద్రమే" అంటారు.